రెండేళ్లలోపు నెమ్ము, యాభైలో ఆయాసం: మధ్యలో ఏం జరుగుతుంది, మనం ఏం చేయగలం?

#1 ఊపిరి_గుంటూరు

ఛాతీ ఓపీకి యాభై దాటిన ఆడవాళ్లు చాలామంది వస్తారు. చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు. నాలుగు మెట్లెక్కితే ఎగపోత. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేస్తే సీఓపీడీ (గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) అని తేలుతుంది. కట్టెల పొయ్యి గురించి అడుగుతాం, రాసుకుంటాం. "చిన్నప్పుడు నెమ్ము చేరిందా, కోరింత దగ్గు వచ్చిందా, తట్టు పోసిన తర్వాత నెలల తరబడి దగ్గారా" అని మాత్రం అడగం. అడిగి తీరాలని నా వాదన.

ఆధారం కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి 1930 మధ్య పుట్టిన మగవాళ్ల శిశు రికార్డులను డేవిడ్ బార్కర్ బృందం వెలికితీసి 1991లో లెక్క ప్రచురించింది. ఏడాదిలోపు బ్రాంకైటిస్ గానీ న్యుమోనియా గానీ వచ్చినవాళ్లకు అరవై ఏళ్ల ప్రాయంలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగిన గాలి) సగటున 0.17 లీటరు తక్కువ. పుట్టినప్పటి బరువు ఎంతున్నా ఈ తేడా ఉంది. తర్వాత 1946లో బ్రిటన్‌లో పుట్టినవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2023లో వచ్చింది. 3,589 మందిని 73 ఏళ్ల వయసు దాకా చూశారు. రెండేళ్లలోపు ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు శ్వాసకోశ జబ్బుతో ముందే చనిపోయే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఇంటి ఇరుకు, పుట్టిన బరువు, సిగరెట్ అన్నీ లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన మాట ఇది.

పిల్లల డాక్టర్లు, ల్యాబ్ వాళ్లు, ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు అందరూ మాట్లాడాలి. ఏ దశలో ఎవరి చేతిలో ఏముందో చెప్పండి.

#2 లెక్కల_శాస్త్రి

డాక్టర్ గారూ, "రెట్టింపు" అన్న మాట తల్లిదండ్రుల చెవిలో పడితే నిద్ర పట్టదు. అసలు అంకె కూడా చెప్పాలి. ఆ 1946 లెక్కలో అలా చనిపోయినవాళ్లు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరు, రానివాళ్లలో ఒకరు. అంటే నూటికి తొంభై ఎనిమిది మందికి ఆ ముప్పు రాలేదు. పైగా అది యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది పుట్టిన తరం. బొగ్గు పొగ, ఇరుకిళ్లు, ఇప్పుడున్న టీకాల్లో చాలావరకు లేని రోజులు.

రెండో సంగతి, ఏది ముందు అన్నది. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలైన అధ్యయనంలో కొందరు పసిపిల్లలకు ఏ ఇన్ఫెక్షనూ రాకముందే ఊపిరి కొలిచారు. పుట్టుకతోనే సన్నని గాలిగొట్టాలున్నవాళ్లకే తర్వాత పిల్లికూతల జబ్బు ఎక్కువ వచ్చింది. అంటే కొంతమందిలో ఇన్ఫెక్షన్ ఉన్న బలహీనతను బయటపెట్టింది, అంతే. నెదర్లాండ్స్‌లో నెలలు కాస్త తక్కువగా పుట్టిన 429 మందిలో సగం మందికి ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఛాతీకి సోకే వైరస్) రాకుండా యాంటీబాడీ ఇంజెక్షన్లు ఇచ్చారు. మొదటి ఏడాదిలో పిల్లికూతల రోజులు 61 శాతం తగ్గాయి. ఆరేళ్లప్పుడు ఊది చూస్తే రెండు గుంపుల ఊపిరితిత్తుల బలం ఒకటే.

మరోవైపు దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్‌స్టైన్‌లో ఆరు వారాల వయసులోనే కొలిచి, ఇన్ఫెక్షన్ల తర్వాత ఏడాదికి మళ్లీ కొలిచారు. మొదటి కొలతను లెక్కలోకి తీసుకున్నా, ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో నష్టం కనపడింది. కాబట్టి రెండూ నిజమే. బలహీనమైన ఊపిరితిత్తికి జబ్బు ఎక్కువ వస్తుంది, వచ్చిన తీవ్రమైన జబ్బు ఇంకాస్త తీసుకుపోతుంది.

#3 చిన్నపిల్లల_ఓపీ

శాస్త్రి గారి మాట నిజం. దానికి కింద శరీరంలో ఏం జరుగుతుందో చెప్తాను.

పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో సగటున 48 కోట్ల గాలిగదులుంటాయి. పుట్టినప్పుడు ఉండేది అందులో కొంత భాగమే. మిగతావాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలో తయారవుతాయి. ఇల్లు కడుతుండగా వాన పడటానికీ, కట్టాక పడటానికీ ఉన్న తేడా ఇక్కడే. ఇక గొట్టాలు. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లకు జలుబుగా సరిపోయే వాపు, నాలుగు నెలల బిడ్డకు డొక్కలెగరేసే ఆయాసం అవుతుంది.

ప్రతి దగ్గూ మచ్చ మిగల్చదు, ఇది అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి. ఏడాదికి ఆరేడు సార్లు ముక్కు కారడం చిన్నపిల్లల్లో మామూలే. మచ్చ మిగిల్చేవి వేరు: అడెనో వైరస్ తీవ్రంగా సోకడం, తట్టు తర్వాత వచ్చే నెమ్ము, కోరింత దగ్గు, టీబీ, చీము పట్టిన న్యుమోనియా, ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే నెమ్ము. అడెనో తర్వాత కొందరిలో చిన్న గొట్టాలు మచ్చకట్టి పూడుకుపోతాయి, దాన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అంటాం. జబ్బు తగ్గి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా ఊపిరి వేగం తగ్గకపోయినా, ఆక్సిజన్ నిలవకపోయినా, వీపు మీద చెవి పెడితే చిటపటలు వినిపిస్తున్నా అనుమానించాలి. మామూలు ఎక్స్‌రే దాదాపు బాగానే కనిపించి మోసం చేస్తుంది. ఊపిరి వదిలినప్పుడు కూడా తీసిన సీటీలోనే, గాలి ఇరుక్కుపోయిన చోట్లు నల్లటి పలకల్లా తేలతాయి.

#4 సబ్‌సెంటర్_ఖమ్మం

నేను చెప్పేది ఊపిరి లెక్కవెట్టుడు గురించే. దీంట్లనే ఎక్కువ తప్పులు జరుగుతయ్.

బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కవెట్టొద్దు. తల్లి ఒడిలో పండుకోవెట్టి, అంగీ పైకి లేపి, పొట్ట, ఛాతీ కలిసే జాగ మీద వెలుతురు పడేటట్టు చూడాలె. ఒకసారి లేచి ఒకసారి దిగితే ఒక్కటి. సెకన్ల ముల్లున్న గడియారం గానీ ఫోన్ టైమర్ గానీ పెట్టుకొని నిండా 60 సెకన్లు లెక్కవెట్టాలె. పదిహేను సెకన్లు చూసి నాలుగుతోని గుణిస్తే తప్పొస్తది. పసిపిల్లలు కొంతసేపు గబగబ పీలుస్తరు, కొంతసేపు ఆగుతరు.

నిమిషానికి ఈ లెక్కకు చేరినా, దాటినా ఊపిరి వేగం పెరిగినట్టు. రెండు నెలల లోపు: 60. మొదటిసారి 60 దాటితే మళ్లొకసారి లెక్కవెట్టాలె, రెండోసారి కూడా దాటితేనే నిజం. రెండు నెలల నుంచి ఏడాది నిండేదాక: 50. ఏడాది నుంచి అయిదేండ్ల లోపు: 40.

డొక్కలెగరేసుడు అంటే ఏందో కూడా చెప్పాలె. బిడ్డ ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు పొట్ట పైకి లేస్తది, ఛాతీ కూడా లేవాలె. పక్కటెముకల కింది అంచు లోపలికి గుంజుకపోతున్నదంటే అది డొక్కలెగరేసుడు. ముక్కు మూసుకపోయినా గుంజినట్టు కనపడ్తది, ముక్కు తుడిచినంక మళ్ల చూడాలె. రెండు నెలల లోపు బిడ్డకు కొంచెం గుంజుడు మామూలే, లోతుగ గుంజితేనే ప్రమాదం.

పాలు పట్టకపోవుడు, తాగిందంతా కక్కుడు, ఫిట్స్, లేపితే లేవకపోవుడు, ఊకున్నప్పుడు కూడా గొంతుల గురగుర, ఆక్సిజన్ 90 కంటే తక్కువ: వీటిల ఒక్కటున్నా లెక్క ఎంతొచ్చిందని చూడొద్దు. యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇచ్చి 108 పిలవాలె. రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి వేగం పెరిగినా ఆసుపత్రే.

#5 ఆర్టీ_వైజాగ్

ఆక్సీమీటర్ గురించి ఒక మాట. పెద్దవాళ్ల వేలి క్లిప్పు నెలల బిడ్డ వేలికి పెడితే వెలుతురు పక్క నుంచి తప్పుకుంటుంది, 82 అని చూపించి గుండె ఆపేస్తుంది, లేదంటే 99 అని మోసం చేస్తుంది. చుట్టే రకం ప్రోబ్ పాదానికి గానీ కాలి బొటనవేలికి గానీ కట్టాలి. పాదం చల్లగా ఉంటే చేత్తో వెచ్చబెట్టాలి. తెర మీద అల వరసగా, ఒకే ఎత్తులో వచ్చి, మెషీన్ చూపే నాడి మనం లెక్కపెట్టిన నాడికి సరిపోయాక మాత్రమే అంకె రాసుకోవాలి.

#6 మందుల_మాట

కౌంటర్ దగ్గర జరిగే నష్టం చూడండి. డాక్టర్ న్యుమోనియాకు అమాక్సిసిలిన్ రాశారనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు కిలోకు 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. పది కిలోల బిడ్డకు పూటకు 400. ఇంట్లో ఉన్న సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది అయితే పూటకు 16 మిల్లీలీటర్లు పట్టాలి. ఎవరూ పట్టరు, ఒక స్పూను పోసి సరిపెడతారు. అది 125 మాత్రమే, మూడో వంతు కూడా కాదు. అందుకే నీళ్లలో కరిగే 250 మిల్లీగ్రాముల మాత్రలు మేలు. 4 నుంచి 10 కిలోల లోపు పూటకు ఒకటి, 10 నుంచి 14 లోపు రెండు.

పొడి సిరప్ కలిపేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోసి, కుదిపి, నురగ దిగాక మళ్లీ గీత చూడాలి. నురగను చూసి ఆపేస్తే మందు చిక్కబడుతుంది. వంటింటి చెంచాలన్నీ ఒక కొలత కావు, సూది లేని సిరంజి వాడండి. రెండో రోజు జ్వరం దిగిందని ఆపొద్దు. మూడో రోజుకీ ఊపిరి వేగం తగ్గకపోతే మందు మార్చమని మమ్మల్ని అడగొద్దు, డాక్టర్‌కు మళ్లీ చూపించండి.

క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు నాలుగేళ్లలోపు వాడకూడదని 2023 డిసెంబరులోనే మన ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. సీసా మీద చూసుకోండి.

#7 చిన్నపిల్లల_ఓపీ

మందుల_మాట గారు చెప్పింది బాక్టీరియా న్యుమోనియాకు. ఏడాదిలోపు బిడ్డకు ముందు రెండు రోజులు జలుబు, తర్వాత పిల్లికూతలు, పాలు తగ్గడం ఉంటే అది ఎక్కువగా బ్రాంకియోలైటిస్, అందులోనూ ఆర్‌ఎస్‌వీదే పెద్ద వాటా. దానికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఏవీ జబ్బు రోజులను తగ్గించవు. ఆయాసం మూడు నుంచి అయిదో రోజు వరకు పెరిగి దిగుతుంది, దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. చేయాల్సింది: పాలకు ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కల సెలైన్, పాలు కొంచెం కొంచెం ఎక్కువసార్లు, తడిసిన డైపర్ల లెక్క. మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోతే ఆసుపత్రి.

మన ఇళ్లలో రెండు అలవాట్ల గురించి తప్పక చెప్పాలి. బిడ్డకు స్నానం చేయించాక ముక్కులోకి, గొంతులోకి నూనె చుక్కలు వేయడం, నోట్లో ఆముదం పోయడం. నూనె గొంతుకు గుచ్చుకోదు, దగ్గు రానివ్వదు, నిశ్శబ్దంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడ కరగదు. లిపాయిడ్ న్యుమోనియా అని దీనికో పేరే ఉంది. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడినా ఎక్స్‌రే మీద తెలుపు పోదు. పెద్దమ్మలు ప్రేమతో చేసే పని ఇది, వాళ్లను కసరకండి. ఒళ్లంతా నూనె మర్దనా చేయొచ్చు, ముక్కులో నోట్లో మాత్రం వద్దు అని కూర్చోబెట్టి చెప్తే వింటారు.

రెండోది సాంబ్రాణి. తలుపులు మూసి, నిప్పుల మీద పొడి చల్లి, బుట్ట కింద పొగలో జుట్టు ఆరబెట్టడం. మెత్తని తువ్వాలుతో తుడిస్తే జుట్టు ఆరిపోతుంది, పొగ అక్కర్లేదు. దోమల కాయిల్ కూడా అంతే. 2003లో వచ్చిన ఒక పరీక్షలో ఒక్క కాయిల్ వదిలే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని తేలింది. దోమతెర కట్టండి.

#8 లెక్కల_శాస్త్రి

పొగ గురించి మేడమ్ చెప్పినదానికి ఒక చేర్పు. కట్టెల పొయ్యి బదులు గ్యాస్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో జరిగింది. ఏడాదిలోపు తీవ్ర న్యుమోనియా చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2024లో ఫలితం వచ్చింది. గ్యాస్ వచ్చింది కాబట్టి నెమ్ము రాదులే అని అనుకోకూడదు, టీకా, తల్లిపాలు, సమయానికి వైద్యం కావాల్సిందే. అయితే గాలి బాగుపడితే ఊపిరితిత్తి ఎదుగుదల బాగుపడుతుందని దక్షిణ కాలిఫోర్నియా పిల్లల కొలతల్లో 2015లో తేలింది. ధూళి తగ్గిన ఏళ్లలో 11 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల ఎఫ్‌ఈవీ1 ఎక్కువ పెరిగింది. రెండేళ్లకే కథ ముగిసిపోదు.

#9 చిరు_సందేహం

నెమ్ము తగ్గి ఇంటికొచ్చాక నెల దాటినా గల్లతో దగ్గుతున్న పిల్లలకు ఇన్‌హేలర్ రాస్తున్నారు. ఆస్తమా అయినట్టేనా అండీ?

#10 ఊపిరి_గుంటూరు

నాలుగు వారాలు దాటిన తడి దగ్గును ఆస్తమా అనుకుని వదిలేయడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. ఆస్తమా దగ్గు ఎక్కువగా పొడిగా, రాత్రిపూట, పిల్లికూతలతో ఉంటుంది. తడి దగ్గు అంటే ఛాతీలో కఫం గరగరమనడం. పిల్లలు ఉమ్మరు, మింగేస్తారు. కాబట్టి "గల్ల పడుతోందా" అని అడిగితే లాభం లేదు, దగ్గు చప్పుడు వినాలి. ఫోన్‌లో తెల్లవారుజామున రికార్డు చేసి తెమ్మనండి.

గొట్టాల్లో బాక్టీరియా తిష్ట వేసిన స్థితి ఇది. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపి రెండు వారాలు, అవసరమైతే నాలుగు వారాలు ఇస్తాం. అయిదు రోజుల కోర్సులు నాలుగు ఇస్తే నాలుగు వారాల కోర్సు అయినట్టు కాదు. నాలుగు వారాలు వాడినా తడి దగ్గు నిలిచే ఉంటే, లేదా ఏడాదిలో మళ్లీ మళ్లీ తిరగబెడితే, బ్రాంకియెక్టాసిస్ (గాలిగొట్టాలు దెబ్బతిని సాగిపోయే జబ్బు) ఉందేమో సీటీలో చూడాలి. మన దేశంలో పెద్దవాళ్ల బ్రాంకియెక్టాసిస్‌కు మొదటి కారణం టీబీ, ఆ తర్వాత పాత ఇన్ఫెక్షన్లు. కఫం నిలిచి, గోడ దెబ్బతిని, గొట్టం సాగిపోయి, అందులో మళ్లీ కఫం నిలవడం. ఈ చక్రాన్ని చిన్నప్పుడే ఆపితే సాగిన గొట్టం కొంతవరకు వెనక్కి వస్తుంది. పెద్దయ్యాక రాదు.

ఇంకో రెండు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే, బిడ్డ బరువు పెరగకుండా దగ్గు రెండు వారాలు దాటితే, ముందు టీబీ పరీక్ష. ప్రతిసారీ ఒకే వైపు నెమ్ము చేరుతుంటే, పల్లీ గింజో శనగ గింజో గొట్టంలో ఇరుక్కుందేమో చూడాలి. "తింటూ తింటూ ఒక్కసారి పొరమారిందా" అని అడగండి, ఇంట్లో వాళ్లు తమంతట తాము చెప్పరు.

#11 ఆర్టీ_వైజాగ్

నిజంగా ఇన్‌హేలర్ అవసరమైన పిల్లల్లో సగం మందు నోట్లోనో గాల్లోనో పోతుంది. నాలుగేళ్లలోపు వాళ్లకు మాస్కున్న స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ డబ్బా) తప్పనిసరి. కొత్త స్పేసర్‌ను గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు వేసి ముంచి, రుద్దకుండా, బట్టతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి మందు గోడకే అతుక్కుంటుంది.

ఇన్‌హేలర్ కుదిపి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి, మామూలు ఊపిరి అయిదారు సార్లు తీసుకోనివ్వాలి. వాల్వు కదలడం కంటికి కనపడాలి. మళ్లీ కుదిపి రెండో పఫ్. రెండూ ఒకేసారి కొట్టడం వల్లే ఎక్కువ మందు వృథా. ఏడుస్తున్న బిడ్డకు పెడితే పొడుగ్గా ఊపిరి వదులుతుంది, లోపలికి వెళ్లేది చాలా తక్కువ. ముందు బొమ్మకు పెట్టి ఆడించండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత మొహం తుడిచి నీళ్లు తాగించాలి.

స్పైరోమెట్రీ అయిదారేళ్ల నుంచి చేయొచ్చు. జబ్బు తగ్గాక నెల, నెలన్నర ఆగాలి. సాల్బుటమాల్ వాడి కనీసం నాలుగు గంటలవ్వాలి. చెప్పులు విప్పించి ఎత్తు కొలవండి. రెండు సెంటీమీటర్లు తప్పైతే రిపోర్టు మొత్తం తప్పు. మూడు మంచి ఊదుళ్లు, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్లలోపు తేడాతో రావాలి, ఆరేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకైతే 100. తర్వాత సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, పదిహేను నిమిషాలాగి మళ్లీ.

#12 ఊపిరి_గుంటూరు

స్పైరోమెట్రీ చదవడంలో కుర్రవాళ్లకు జరిగే అన్యాయం ఒకటి. ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో (నిండా పీల్చి మొత్తం ఊదేసిన గాలి) భాగిస్తే 0.70 దాటితే మామూలే అన్న లెక్క వయసుతో పని లేకుండా పెద్దవాళ్లందరికీ ఒకటే పెట్టింది. పాతికేళ్ల కుర్రాడికి 0.72 వస్తే రిపోర్టు కింద "నార్మల్" అని అచ్చవుతుంది. ఆ వయసుకు అది అడ్డంకే. వయసుకు తగ్గ కింది హద్దు, అంటే జడ్‌స్కోరు మైనస్ 1.64 చూడాలి.

ఊపిరితిత్తుల బలం ఇరవై నుంచి పాతికేళ్ల మధ్య శిఖరానికి చేరి, అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది. పీటర్ లాంగే బృందం 2015లో చూపింది ఏంటంటే, నలభైలోపే ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదాంట్లో 80 శాతం కంటే తక్కువున్నవాళ్లలో 26 శాతం మందికి తర్వాతి 22 ఏళ్లలో సీఓపీడీ వచ్చింది. మిగతావాళ్లలో 7 శాతమే. అందుకే పసితనంలో తీవ్రమైన నెమ్ము చేరినవాళ్లకు ఆరేళ్లప్పుడు ఒకసారి, ఇరవై దాటాక ఒకసారి ఊదించి కాగితం దాచుకోమంటాను. శిఖరం తక్కువని తెలిస్తే, ఆ కుర్రాడు సిగరెట్ ఎందుకు ముట్టకూడదో, గ్రానైట్ పాలిష్ పనికి ఎందుకు వెళ్లకూడదో చెప్పడానికి చేతిలో అంకె ఉంటుంది.

#13 డాలస్_నర్సు

ఇక్కడి తెలుగు కుటుంబాలకు: అమెరికాలో 2023 నుంచి ఆర్‌ఎస్‌వీకి రెండు దారులున్నాయి. గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య టీకా, సెప్టెంబరు నుంచి జనవరి వరకు. లేదా బిడ్డకు నిర్సెవిమాబ్ ఇంజెక్షన్, తొలి సీజనులో ఎనిమిది నెలల లోపు: 5 కిలోల లోపు 50 మిల్లీగ్రాములు, ఆపైన 100. తల్లి టీకా వేసుకుని పద్నాలుగు రోజులు గడిచాక కాన్పు అయితే ఎక్కువమంది బిడ్డలకు రెండోది అక్కర్లేదు. చలికాలంలో నెలల బిడ్డతో ఇండియా నుంచి వచ్చేవాళ్లు మొదటి పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్‌లోనే అడగండి.

#14 సబ్‌సెంటర్_ఖమ్మం

మన దగ్గర పీసీవీ (న్యుమోకాకస్ బాక్టీరియా నెమ్ముకు టీకా) 2021ల దేశమంతటా వచ్చింది, ఉచితం. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు బూస్టర్. హిబ్ (నెమ్ము తెచ్చే ఇంకో బాక్టీరియా), కోరింత దగ్గు టీకాలు పెంటావాలెంట్‌ల ఉంటయ్: 6, 10, 14 వారాలు. తట్టుకు ఎంఆర్ తొమ్మిది నెలలు నిండినంక, మళ్ల 16 నుంచి 24 నెలల నడుమ. తప్పిపోయేది తొమ్మిది నెలల పీసీవీ బూస్టరే. కార్డు మీద ఎంఆర్ చూసి అన్నీ అయినయ్ అనుకుంటరు. పుట్టింటి నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు కార్డు ఆడనే మర్చిపోతరు, ఫోటో తీసి పెట్టుకోమనండి.

#15 చిరు_సందేహం

డిశ్చార్జి కాగితంలో ఏం ఉంటే తర్వాత పనికొస్తుందండీ?

#16 చిన్నపిల్లల_ఓపీ

"న్యుమోనియా, తగ్గింది" అని ఒక్క ముక్క రాసి పంపితే ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఏ వైపు, ఏ భాగం, వైరస్ పరీక్ష చేస్తే ఏం వచ్చింది, ఆక్సిజన్ ఎన్ని రోజులు, వెంటిలేటర్ పెట్టారా, ఇంటికెళ్లే రోజు ఆక్సిజన్ లేకుండా ఎంత శాతం, నిద్రలో ఊపిరి నిమిషానికి ఎన్ని, బరువు ఎంత. మామూలు న్యుమోనియా పూర్తిగా తగ్గితే మళ్లీ ఎక్స్‌రే అక్కర్లేదు. ఊపిరితిత్తి భాగం కుంచించుకుపోయి ఉన్నా, గుండ్రంగా మచ్చ కనిపించినా, లక్షణాలు నిలిచే ఉన్నా నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకటి తీయాలి, ఆ తేదీ కూడా కాగితం మీదే రాయాలి.

#17 ఆర్టీ_వైజాగ్

ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైట్‌కు పెట్టి ఫోటో తీసేటప్పుడు తేదీ, కుడి ఎడమ గుర్తు ఫోటోలో పడేలా తీయండి. మూల కత్తిరించిన ఫోటోలో ఏ వైపో చెప్పడం కష్టం.